మెడ వంగింది, కారణం కంటిలో ఉంది

మాసిడోనియా చక్రవర్తి అలెగ్జాండర్ విగ్రహాల బొమ్మలను మీరు చరిత్ర పుస్తకాలలో చూసే ఉంటారు. వాటిలో చాలావాటిలో ఆయన తల నిటారుగా ఉండదు; కొద్దిగా ఒక పక్కకు వాలి ఉంటుంది. అలెగ్జాండర్ మెడ ఎడమవైపునకు కొంచెం వంగి ఉండేదని, శిల్పి లిసిప్పస్ ఆ వంపును, ఆ చూపులోని ఆర్ద్రతను ఉన్నదున్నట్లు పట్టుకోగలిగాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. 1996లో గ్రీసు దేశపు వైద్యులు 'లాన్సెట్' పత్రికలో ఒక ఊహను ముందుంచారు. ఆ వంపు రాజసం కాదు, మెడ జబ్బు కూడా కాదు, కంటి కండరం బలహీనత వల్ల ఏర్పడినది కావచ్చునన్నది ఆ ఊహ. విగ్రహాన్ని చూసి రోగనిర్ణయం చేయడం ఎవరి తరమూ కాదు. అయినా ఆ ఊహ మన ముందు ఒక మంచి ప్రశ్నను నిలిపింది: తల వంచి చూసే బిడ్డలో లోపం మెడలో ఉన్నదా, కంటిలో ఉన్నదా?

ఈ ప్రశ్న మన ఇళ్ళలో సాధారణంగా పుట్టదు. బిడ్డ తల వాల్చి చూస్తుంటే 'తిన్నగా చూడు' అని గదమాయిస్తాము. ఫొటో తీసేవాడు గడ్డం పట్టుకొని తల సరిచేస్తాడు. బడిలో మాస్టారు అది చెడ్డ అలవాటనుకొంటారు. మెల్లకన్ను ఉంటే అదృష్టమని పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. నిజానికి ఆ బిడ్డ చేస్తున్నది అల్లరి కాదు, అలవాటూ కాదు. తన కంటికి తానే చేసుకొంటున్న వైద్యం అది. ఈ ఒక్క సంగతి గ్రహించడానికి వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది. ఆ కథను, అందులో మన బిడ్డలకు పనికివచ్చే సంగతులను ఈ వ్యాసంలో చెబుతాను.

కన్ను తలను ఎందుకు వంచుతుంది?

ప్రతి కనుగుడ్డుకూ బయటివైపు ఆరు కండరాలు అతుక్కొని ఉంటాయి. నాలుగు నేరుగా వెనుక నుండి ముందుకు వస్తాయి. అవి కంటిని పైకి, కిందికి, ముక్కు వైపు, చెవి వైపు తిప్పుతాయి. మిగిలిన రెండూ ఏటవాలుగా ఉంటాయి. వాటిలో పైనున్న దానిని సుపీరియర్ ఆబ్లిక్ అంటారు. బావి గిలక మీదుగా చేదతాడు మలుపు తిరిగినట్లు, ఈ కండరపు నరం వంటి కొస కంటిగూటిలో ముక్కు వైపునున్న ఒక చిన్న గిలక మీదుగా మలుపు తిరిగి కనుగుడ్డును చేరుతుంది. కంటిని కిందికి దించడం, దాని పైభాగాన్ని ముక్కు వైపునకు మెలితిప్పడం దీని పనులు.

పుట్టుకతోనో, తలకు దెబ్బ తగిలినందువల్లనో ఈ కండరం బలహీనపడితే ఆ కన్ను రెండవదానికంటె కొద్దిగా పైకి లేస్తుంది. అప్పుడు ఒకే వస్తువు రెండుగా, ఒకదానిపై ఒకటిగా కనిపిస్తుంది. బిడ్డ ఈ సంగతిని మాటల్లో చెప్పలేడు. కాని తలను ఒక భుజం వైపు వాల్చినప్పుడు రెండు బొమ్మలూ ఒకటవుతున్నాయని అతని మెదడు కనిపెడుతుంది. కుడికంటి కండరం బలహీనమైతే తల ఎడమ భుజం వైపు వాలుతుంది. ఎడమకంటిదైతే కుడి భుజం వైపు.

రెండవ కారణం నిస్టాగ్మస్, అనగా కనుగుడ్లు తమంతట తాము అటూ ఇటూ ఊగుతూ ఉండడం. ఇటువంటి పిల్లలలో కొందరికి, చూపు ఒక పక్కకు మళ్ళినప్పుడు ఆ ఊగు బాగా తగ్గుతుంది, అక్షరాలు స్పష్టమవుతాయి. కళ్ళు కుడివైపునకు మళ్ళినప్పుడు నిలకడగా ఉంటాయనుకోండి. ఎదుటనున్న నల్లబల్లను చూడాలంటే బిడ్డ ముఖాన్ని ఎడమకు తిప్పి, కళ్ళను కుడి కొసలకు చేర్చి చూస్తాడు. 'ఓరగా చూస్తున్నాడు' అని మనం అనుకొనేది ఇదే. ఇవిగాక, ఒక కన్ను పక్కకు సరిగా తిరగని డ్యూయేన్ సిండ్రోమ్ వంటి పుట్టుకతో వచ్చే స్థితులలోనూ ముఖం పక్కకు తిరిగి ఉంటుంది.

మెడ నుండి కంటికి వచ్చిన కత్తి

విచిత్రమేమంటే, కంటి కండరాల శస్త్రచికిత్స మెడ శస్త్రచికిత్స నుండే పుట్టింది. 1822లో పారిస్‌లో డ్యూపుయిట్రెన్ అనే ప్రఖ్యాత వైద్యుడు మెడ వంకరకు కారణమైన మెడ కండరాన్ని చర్మం కిందుగా కోసి తలను సరిచేశాడు. 1830ల్లో జర్మనీలోని హనోవర్ నగరంలో స్ట్రోమయర్ వంకరపాదం ఉన్నవారికి మడమ నరాన్ని అదే విధంగా కోసి పాదాన్ని తిన్నగా చేయసాగాడు. బిగిసిన కండరాన్ని కోస్తే వంకర పోతుందన్న సూత్రం యూరప్ అంతటా పాకింది. కాలికి, మెడకు పనికివచ్చిన సూత్రం కంటికి ఎందుకు పనికిరాదని స్ట్రోమయర్ ఆలోచించాడు. మృతదేహంపై ప్రయత్నించి చూసి, ఆ పద్ధతిని 1838లో ప్రకటించాడు.

దానిని బతికున్న బిడ్డపై తొలిసారి సఫలంగా చేసినవాడు బెర్లిన్ వైద్యుడు డీఫెన్‌బాక్. 1839 అక్టోబరు 26న ఏడేళ్ళ బాలునికి, ముక్కు వైపు తిరిగిపోయిన కంటిలోని లోపలి కండరాన్ని ఆయన కోశాడు. కన్ను తిన్నగా వచ్చింది. మూడు రోజుల తరువాత బ్రస్సెల్స్‌లో క్యూనియే అనే వైద్యుడు అటువంటి చికిత్సే చేశాడు. మత్తుమందు ఇంకా వైద్యంలోకి రాని రోజులవి. ఆ ఏడేళ్ళ పిల్లవాడు తెలివిలో ఉండగానే ఇదంతా జరిగిందని గుర్తుంచుకోండి.

అంతకు ముందు మెల్లకంటి పేరుతో జరిగినది చాలావరకు మోసం. 18వ శతాబ్దంలో జాన్ టేలర్ అనే ఆంగ్లేయుడు ఊరూరా తిరుగుతూ కంటి వైద్యం చేసేవాడు. సంగీతకర్త బాఖ్‌కు 1750లో కంటి శస్త్రచికిత్స చేసినవాడు ఇతడే. మెల్లకన్ను ఉన్నవారికి కంటిపొరలో చిన్న గాటు పెట్టి, బాగున్న రెండవ కంటికి కట్టు కట్టేవాడు. బాగున్న కన్ను మూసినప్పుడు మెల్లకన్ను ఎదుటి వస్తువును చూడడానికి తిన్నగా తిరగడం సహజం. చూసినవారు అద్భుతమనుకొనేవారు. కట్టు విప్పేనాటికి టేలర్ ఊరు దాటి ఉండేవాడు.

డీఫెన్‌బాక్ మోసగాడు కాడు. అయినా ఆయన చూపిన దారిలో ఇంకొక ప్రమాదం పొంచి ఉంది. వార్త వ్యాపించగానే లండన్, పారిస్, బెర్లిన్ నగరాలలో మెల్లకంటి శస్త్రచికిత్స ఒక వెర్రిగా మారింది. డీఫెన్‌బాక్ ఒక్కడే కొద్ది సంవత్సరాలలో వెయ్యికి పైగా చేశాడు. కోసిన కండరం వెనక్కి జారి ఎక్కడ అతుక్కొంటుందో ఎవరి అదుపులోనూ లేదు. దానితో ముక్కు వైపు తిరిగి ఉండిన కళ్ళు కొన్నాళ్ళకు చెవి వైపు తిరిగిపోయాయి. చికిత్సకు చెడ్డపేరు వచ్చింది.

ఆ పేరును నిలబెట్టినవాడు బెర్లిన్‌లోనే తరువాతి తరపు వైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె. కండరాన్ని మధ్యలో తెగ్గొట్టకుండా, కనుగుడ్డుకు అతుక్కొన్న చోటనే జాగ్రత్తగా విడదీయాలని, చుట్టూ ఉన్న పొరలను కాపాడి, ఎంత సడలాలో అంతే సడలనివ్వాలని 1850ల్లో ఆయన చూపాడు. 1922లో అమెరికా వైద్యుడు జేమ్సన్ ఇంకొక అడుగు వేశాడు. విడదీసిన కండరాన్ని గాలికి వదలక, కొలిచిన దూరంలో కనుగుడ్డు పైపొరకే కుట్టివేశాడు. కోయడంతో మొదలైన ఈ విద్య కొలతకు చేరడానికి ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది.

వంపులో దాగిన సమాచారం

ఈ మధ్యకాలంలో మరొక ముఖ్యమైన పరిశీలన జరిగింది. 1873లో ఫ్రెంచ్ వైద్యుడు క్విన్యే కొందరిలో మెడ వంకరకు మూలం కంటి కండరాలలో ఉన్నదని గుర్తించి, దానికి 'కంటి వల్ల వచ్చిన మెడ వంకర' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మెడ కండరం కోసే పద్ధతి అప్పటికి యాభై ఏళ్ళుగా అమలులో ఉంది. ఒకసారి ఆలోచించండి. కంటి కోసం తల వంచుతున్న బిడ్డకు మెడ కండరం కోస్తే ఏమవుతుంది? ఏ దోషమూ లేని కండరం తెగుతుంది. కంటి అవసరం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. తల మళ్ళీ వంగుతుంది.

1900లో హోఫ్‌మన్, బీల్షోవ్‌స్కీ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు ఆ వంపునే పరీక్షగా మార్చారు. బిడ్డ తలను అతను ఇష్టపడే వైపు కాక, ఎదురు భుజం వైపు వంచుతారు. సుపీరియర్ ఆబ్లిక్ బలహీనంగా ఉన్న కన్ను అప్పుడు చటుక్కున పైకి లేస్తుంది. తల ఒక పక్కకు వంగితే ఆ పక్కనున్న కన్ను లోపలికి మెలితిరగడం శరీరధర్మం. ఆ పని చేయవలసిన రెండు కండరాలలో ఒకటి నీరసించగా, రెండవది ఒంటరిగా లాగుతుంది. కాని ఆ రెండవదానికి కంటిని పైకెత్తే గుణం కూడా ఉంది. అందువల్ల కన్ను పైకి పోతుంది. ఒక్క పరికరం కూడా అవసరం లేని ఈ పరీక్ష నేటికీ బీల్షోవ్‌స్కీ పేరుతోనే వాడుకలో ఉంది. నాజీల పాలనలో యూదు మూలాల కారణంగా పదవి పోగొట్టుకొన్న ఆ మహావైద్యుడు అమెరికా చేరి, అక్కడ డార్ట్‌మత్‌లో పనిచేసి, 1940లో కన్నుమూశాడు. పిల్లల కంటివైద్యాన్ని ప్రత్యేక శాఖగా నిలబెట్టినవారిలో ఒకడైన అమెరికా వైద్యుడు మార్షల్ పార్క్స్, 1958లో ఈ పరీక్షను చివరి మెట్టుగా చేర్చి మూడు మెట్ల పరీక్షను రూపొందించాడు.

వంపును ఎదిరించక, దాని మాట విన్న మరొక గొప్ప ఆలోచన 1953లో వచ్చింది. వియన్నా నుండి న్యూయార్క్ చేరిన కెస్టెన్‌బౌమ్, ఆస్ట్రేలియాలోని ఆండర్సన్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఆ ఏడాది నిస్టాగ్మస్ పిల్లల ముఖం తిప్పుకు శస్త్రచికిత్సను ప్రకటించారు. వారి తర్కం చూడండి. కళ్ళు కుడివైపు ఉన్నప్పుడు నిలకడగా ఉంటున్నాయి. కనుక రెండు కళ్ళనూ శస్త్రచికిత్సతో ఎడమవైపునకు జరిపితే, ఎదుటికి చూడడానికే మెదడు 'కుడికి చూడు' అన్న ఆజ్ఞను పంపవలసి వస్తుంది. ఆ ఆజ్ఞతోపాటు నిలకడ కూడా వస్తుంది. బిడ్డకు ముఖం తిప్పే పని ఉండదు. కళ్ళ ఊగును మాన్పడం వారి లక్ష్యం కాదు. బిడ్డ వెతికి పట్టుకొన్న నిలకడ తావును ముక్కుకు సూటిగా తెచ్చి పెట్టడం లక్ష్యం. 1973లో పార్క్స్ దీనికి 5, 6, 7, 8 మిల్లీమీటర్ల కొలతలను సూచించాడు. ఒక కంటిలో లోపలి కండరాన్ని 5 వెనక్కి జరిపి బయటిదాన్ని 8 కురచ చేయాలి. రెండవ కంటిలో బయటిదాన్ని 7 వెనక్కి జరిపి లోపలిదాన్ని 6 కురచ చేయాలి. ఏ కంటిలో కూడినా మొత్తం 13. రెండు కళ్ళూ సమానంగా జరగాలన్నదే ఆ లెక్కలోని మర్మం.

మత్తుమందు కథలో హైదరాబాదు

పసిబిడ్డ కంటిపై ఇంత కొలతతో పనిచేయాలంటే బిడ్డ కదలకుండా నిద్రపోవాలి. 1846లో బోస్టన్‌లో ఈథర్, మరుసటి ఏడు ఎడిన్‌బరోలో క్లోరోఫాం వైద్యంలోకి వచ్చాయి. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు హఠాత్తుగా మరణించేవారు. మొదట ఆగేది శ్వాసా, గుండెా అన్న వివాదాన్ని తేల్చడానికి 1888లోను, 1889లోను హైదరాబాదులో రెండు కమిషన్లు జరిగాయి. నిజాం ధనసహాయంతో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు వాటిని నడిపించాడు. రెండవదానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. శ్వాసే ముందుగా ఆగుతుందని, శ్వాసను గమనిస్తే చాలునని వారు తీర్పు చెప్పారు. ఆ తీర్పు అసంపూర్ణమని తరువాత తేలింది. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని 1911లో లెవీ నిరూపించాడు.

కంటి వైద్యానికి ఈ పాఠం మరింత ముఖ్యం. కనుగుడ్డును నొక్కితే నాడి నెమ్మదిస్తుందని 1908లో ఆష్నర్, డాగ్నీనీ వేరువేరుగా వెల్లడించారు. కంటి కండరాన్ని లాగినా అంతే. పసిపిల్లలలో ఇది మరీ ఎక్కువ. నేటి శస్త్రచికిత్స గదిలో మత్తువైద్యులు శ్వాసనూ గుండెనూ క్షణక్షణం కనిపెడుతూ ఉంటారు. నాడి నెమ్మదిస్తే సర్జన్ వెంటనే కండరాన్ని వదులుతాడు. చాలాసార్లు అంతటితోనే నాడి కోలుకొంటుంది. అవసరమైతే అట్రోపిన్ ఇస్తారు.

ఇప్పుడు ఏమి చేస్తారు?

కనుగుడ్డును బయటికి తీసి మళ్ళీ పెడతారన్న భయం మనవారిలో చాలామందికి ఉంది. అది అపోహ. కన్ను కన్నుగూటిలోనే ఉంటుంది. తెల్లగుడ్డు మీది పలుచని పొరను కొద్దిగా తెరిచి, కండరాన్ని చేరి, బలం ఎక్కువైనదాన్ని వెనక్కి జరిపి కుడతారు. బలం చాలనిదాన్ని కొంత కురచ చేసి బిగిస్తారు. సుపీరియర్ ఆబ్లిక్ బలహీనమైనచోట, దానికి ఎదురుగా లాగే కింది ఏటవాలు కండరాన్ని సడలించడం తరచుగా చేసే చికిత్స. కుట్లు వాటంతట అవే కరిగిపోతాయి.

దీని హద్దులు కూడా మీకు తెలియాలి. శస్త్రచికిత్స మెడ వంపును తగ్గిస్తుంది. నిస్టాగ్మస్‌ను మాన్పదు, కళ్ళజోడు అవసరాన్ని తీసివేయదు. కొందరికి రెండవసారి చేయవలసి రావచ్చు. మందగించిన కంటికి రెండవ కన్ను మూసి చేసే అభ్యాసం వేరుగా సాగవలసిందే.

మరి తొందర ఎందుకు? ఏళ్ళ తరబడి తల ఒకే పక్కకు వాలి ఉంటే ముఖం ఆ వైపున కురచగా ఎదుగుతుంది. మెడ కండరాలు ఆ వంపుకే బిగుసుకొంటాయి. ఇక చూపు సంగతి. పసితనంలో సరిగా వాడని కంటికి మెదడులో చోటు తగ్గిపోతుందని హ్యూబెల్, వీజెల్ 1960ల్లో పిల్లికూనలపై చేసిన ప్రయోగాలు చూపాయి. 1981లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 'పెద్దయితే అదే పోతుంది' అని గడిపిన సంవత్సరాలు తిరిగి రావు.

మీరు ఇంట్లోనే గమనించగలవి కొన్ని ఉన్నాయి. మెడ కండరం వల్ల వచ్చిన వంపు పుట్టిన తొలి వారాలలోనే కనబడుతుంది. మెడ బిగుసుకొని, రెండవ వైపునకు తిప్పితే బిడ్డ ఏడుస్తాడు. కంటి వల్ల వచ్చినది సాధారణంగా బిడ్డ మెడ నిలిపి, కూర్చొని చూడడం మొదలుపెట్టాక తెలుస్తుంది. మెడ ఎటు తిప్పినా సులువుగా తిరుగుతుంది. నిద్రలో వంపు ఉండదు. ఒక కన్ను మూసినప్పుడు తల తిన్నగా వస్తే కారణం కంటిలోనే ఉన్నదనడానికి అది బలమైన సూచన. అయితే నిస్టాగ్మస్‌లో ఇలా జరగకపోవచ్చు. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు బిడ్డ పాత ఫొటోలు తప్పక తీసుకువెళ్ళండి. బారసాల ఫొటో, అన్నప్రాశన ఫొటో, పుట్టినరోజు ఫొటో: తల ఎప్పటినుండి, ఎటు వాలుతున్నదో అవి చెప్పినంత నిక్కచ్చిగా ఎవరి జ్ఞాపకమూ చెప్పలేదు.

ఒక్క హెచ్చరిక. ఇంతవరకు తిన్నగా ఉన్న తల హఠాత్తుగా వంగడం మొదలై, దానితో వాంతులు, తలనొప్పి, తూలి నడవడం ఉంటే మెదడులో గడ్డ వంటి కారణం ఉండవచ్చు. ఒక్కరోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఒకప్పుడు తెలుగువారికి ఇటువంటి చికిత్స అందని పండు. నేడు హైదరాబాదులో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, విశాఖపట్నంలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. అక్కడికి బిడ్డను చేర్చవలసినది మాత్రం ఇంట్లోవారే. ఈసారి మీ బిడ్డో, పొరుగింటి బిడ్డో తల వాల్చి చూస్తుంటే గడ్డం పట్టుకొని సరిచేయకండి. తల అలా వాలిస్తే ఆ కంటికి ఏమి మేలు కలుగుతున్నదని అడగండి. ఆ ప్రశ్నతోనే కంటివైద్యుని వద్దకు వెళ్ళండి.